పిల్లల చేతికి అందే వంట సామాను

అమెరికాకు కొత్తగా వచ్చే తెలుగువాళ్ళు ఏ గిన్నెలు సూట్‌కేసులో తెచ్చుకోవాలి, ఏవి ఇక్కడ కొనుక్కోవాలి అని అడుగుతూ ఉంటారు. పిల్లలున్న ఇళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఏ వస్తువు కొన్నా, పిల్లలు దాంతో వండగలరా లేదా అని చూడండి. మన తిండి వాళ్ళకు ఇష్టమైతే సరిపోదు, వంట చేతికి రావాలి. లేకపోతే పెద్దయ్యాక పప్పు, చారు అమ్మానాన్నల ఇంటికి వచ్చినప్పుడు తినేవిగానే మిగిలిపోతాయి.

మా అమ్మాయి ఈ ఏడాది కాలేజీ డార్మ్ వదిలి స్నేహితురాళ్ళతో అపార్ట్‌మెంట్‌లోకి మారింది. తనకు సామాను సర్దుతుంటే నిజంగా కావాల్సినవి ఎంత తక్కువో అర్థమైంది.

గిన్నెలకంటే ముందు పొయ్యి చూసుకోవాలి. ఇక్కడ చాలా అద్దె ఇళ్ళలో గాజు పలక ఉన్న కరెంటు పొయ్యిలే ఉంటాయి. గుండ్రటి అడుగున్న మూకుడు దాని మీద కుదురుగా నిలవదు, నడుమ మాత్రం మాడి అంచులు పచ్చిగా ఉండిపోతాయి. అడుగు చదునుగా, మందంగా ఉన్న స్టీలు బాణలి కావాలి. ఇండక్షన్ పొయ్యి అయితే గిన్నె అడుగున అయస్కాంతం పట్టాలి. ఆ పరీక్ష మా తొమ్మిదేళ్ళవాడు చేశాడు. ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి, నేల మీద కూర్చుని, ఒక్కో గిన్నె బోర్లించి పెట్టి చూశాడు. పట్టినవి ఒక వరుస, పట్టనివి ఒక వరుస. అమ్మమ్మ ఇచ్చిన స్టీలు గిన్నెల్లో చాలావరకు పట్టని వరుసలోకే వెళ్ళాయి. మంచి స్టీలే, కానీ ఆ పొయ్యి మీద వేడెక్కవు. అల్యూమినియం, ఇత్తడి సంగతీ అంతే.

ఇత్తడి, హిండాలియం (ఒక రకం అల్యూమినియం మిశ్రలోహం) గురించి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. దిగుమతయ్యే కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి తిండిలోకి సీసం దిగుతోందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. పిల్లల ఒంట్లో సీసం ఇంత వరకు ఉన్నా పరవాలేదు అని చెప్పే హద్దంటూ లేదు. పైగా మన వంటలో సగం చింతపండు పులుపే, ఆ పులుపు లోహాన్ని లాగుతుంది. నానమ్మ వాడిన ఇత్తడి గిన్నె మీద నాకూ ప్రేమే. పూజ గదిలో పెట్టుకున్నాను, పిల్లలకు మాత్రం స్టీల్లోనే వండుతాను. తక్కువ ధరకు దొరికే పేరూ ఊరూ లేని అల్యూమినియం గిన్నెలు బంధువులు ఇచ్చినా తెచ్చుకోవద్దు.

దోసెల పెనానికి ఇండియా దాకా వెళ్ళక్కర్లేదు. టెనెస్సీలో 1896 నుంచి పోత ఇనుప పెనాలు చేస్తున్న లాడ్జ్ కంపెనీది ఇక్కడ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. నాన్‌స్టిక్ పూత కొన్నాళ్ళకు గీతలు పడుతుంది. పోత ఇనుము వాడేకొద్దీ నునుపు తేలుతుంది. సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి పెనమంతా రుద్దడం మావాడి డ్యూటీ. శనివారం పొద్దున దాని మీద వాడికి పాన్‌కేకు, మాకు పెసరట్టు. బరువు ఎక్కువ కాబట్టి పెనం ఎత్తి దించే పని పెద్దవాళ్ళదే.

రోలు కథ నాకు చాలా ఇష్టం. మిక్సీలో వేస్తే పచ్చడి పేస్టు అయిపోతుందని చిన్న రోలు కొందామనుకున్నాం, విమానంలో ఆ బరువు తేవడం కుదరలేదు. ఒకరోజు మావాడు మెక్సికో నుంచి వచ్చిన స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళొచ్చి, "అమ్మా, వాళ్ళ అమ్మమ్మ కూడా రోట్లో నూరుతుంది" అన్నాడు. దాని పేరు మోల్కహెతె. అగ్నిపర్వతపు నల్లరాయితో చేసిన మూడు కాళ్ళ రోలు, మెక్సికన్ దుకాణాల్లో అమ్ముతారు. టమాటాలు, మిరపకాయలు పెనం మీద కాల్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి అందులో నూరతారు. మన కాల్చిన టమాటా పచ్చడికి చాలా దగ్గర. కొత్త రోట్లో రాతిపొడి పోవడానికి ముందు బియ్యం నూరి పారబోయాలని ఆ అమ్మమ్మ చెప్పారు. ఊళ్ళో మా అమ్మ చెప్పేదీ అదే. బడికి డబ్బాలో పచ్చడన్నం తీసుకెళ్ళడానికి మావాడు అంతకుముందు మొహమాటపడేవాడు, ఆ తర్వాత వాడే అడిగి పెట్టించుకుంటున్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా కలగని ధైర్యం స్నేహితుడి ఇంట్లో రోలు చూస్తే కలిగింది.

మిక్సీ మాత్రం ఇండియాలో కొని తేవద్దు. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. ఇక్కడి కరెంటుకు తగ్గ మోడళ్ళు మన కంపెనీలే చేస్తున్నాయి. కుక్కర్ల విషయంలో, ఇంట్లో విజిల్ కుక్కర్ ఉంది, కానీ అమ్మాయికి ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ ఇచ్చాను. ఆవిరి దిగేదాకా మూత రాదు కాబట్టి నాకు టెన్షన్ లేదు. కింద పప్పు, పైన గిన్నెలో అన్నం ఒకేసారి అయిపోతాయి. కొలతకు స్టీలు గ్లాసు ఒకటి వేశాను. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు 240. బియ్యం ఒక కప్పుతో, నీళ్ళు ఇంకో కప్పుతో కొలిస్తే అన్నం చెడుతుంది. రెండూ ఒకే గ్లాసుతో కొలిస్తే ఆ బాధ లేదు.

ఇక పోపుల డబ్బా, అడుగు చదునుగా ఉన్న పోపు గరిటె. వెళ్ళేముందు అమ్మాయి చేతే చారుకు పోపు పెట్టించాను. నూనెలో ఒక ఆవగింజ వేసి, అది చిటపటమన్నాకే మిగతావి వేసింది. మినప్పప్పు రంగు తిరిగాక జీలకర్ర, ఎండుమిర్చి. కరివేపాకు వేయగానే ఒక అడుగు వెనక్కి. చివర చిటికెడు ఇంగువ వేసి, గరిటెను చారులోకి వంచి వెంటనే మూత పెట్టింది. నేను పక్కన నిలబడ్డానంతే. తన అపార్ట్‌మెంట్‌లో పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపదు, మళ్ళీ గదిలోకే వదులుతుంది. స్మోక్ అలారం మోగకుండా ముందే కిటికీ తెరవమని చెప్పాను.

ఇడ్లీ పాత్ర ఇప్పుడే వద్దంది, చలికాలంలో పిండి పులియబెట్టడం తన వల్ల కాదని. సరేనన్నాను. పప్పు, చారు, ఒక వేపుడు వచ్చాయి, ఈ ఏడాదికి చాలు. ఇడ్లీ క్రిస్మస్ సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నేర్పిస్తాను. ఓవెన్‌లో లైటు వేసి పిండి పెడితే రాత్రికి రాత్రే పొంగుతుంది.