అవ్వ ముందు, కోళ్లు తర్వాత

మా అమ్మాయి పురుడని మే నెలలో జర్మనీ పోయి మూడు నెలలుండి వచ్చినాను. ఉత్తరాన బ్రెమెన్‌కి దగ్గర ఒక పల్లె. బిడ్డకు నీళ్లు పోసి నిద్రపుచ్చినాక నాకు పనేముంది, కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఎదురుగా పక్కింటి అవ్వ కోళ్లు.

తొమ్మిది పెట్టలు. పుంజు లేదు, కూస్తే చుట్టుపక్కల వాళ్లకు నిద్ర చెడుతుందంట. ఈ ముక్క ఫోన్‌లో చెప్తే కళ్యాణదుర్గం పక్క మా పల్లెలో ఉన్న మా అమ్మ మునిమనవరాలి సంగతి కూడా మర్చిపోయింది. "పుంజు లేకపోతే గద్దొచ్చేది ఎవురు చెప్తారే?" అనింది. నిజమే, ఆకాశం మీద ఒక కన్నేసి ఉంచేది పుంజే.

అమ్మకు కోళ్ల శత్రువులంతా కంఠతా. పగలు గద్ద, మాపు బావురుపిల్లి, వేళాపాళా లేకుండా ముంగిస, గుడ్లకు పాము. ఒక ఏడు కోడిపిల్లలకు గులాబిరంగు పూసింది, గద్ద పోల్చుకోలేదని ఎవరో చెప్తే. వారం తిరక్కముందే గద్ద గులాబిపిల్లనే తన్నుకుపోయింది. పొద్దు గుంకేటప్పుడు గూట్లోకి తోలుతూ లెక్కపెట్టేది. ఒకటి తక్కువైతే "యాడ సచ్చిందో సూడుపో" అని నన్ను చెనిక్కాయ చేన్లోకి తరిమేది.

మన దగ్గర కోళ్లు పడుకున్నాక మనుషులు పడుకుంటారు. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురే. వెలుతురున్నంత సేపూ కోళ్లు గడ్డి గీరుకుంటానే ఉంటాయి. ఎనభై ఏళ్ల అవ్వ గూటి తలుపు మూసేదానికి రోజూ వాటికోసం కుర్చీ వేసుకుని కాచుకోనుండేది. ఒక రాత్రి కునుకు పట్టింది.

పొద్దున చూస్తే ఏడు కోళ్లు గూట్లోనే చచ్చి పడున్నాయి. ఒకటి లేదు. ఒకటి ఆపిల్ చెట్టెక్కి కూర్చోనుంది. నక్క పని. నాకు ఒళ్లు మండింది. మా బావురుపిల్లి ఒకదాన్ని నోట కరుచుకుని పోతుంది, ఇట్లా పగబట్టినట్టు చంపదు. అవ్వ చెప్పినదాన్ని అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది: పగ కాదంట. గూడు లాంటి ఇరుకు చోట కోళ్లు రెక్కలు కొట్టుకుంటా ఉంటే నక్క పట్టడం ఆపలేదు. తీరిక దొరికితే ఒక్కొక్కటిగా మోసుకుపోయి మట్టిలో పాతిపెట్టుకుంటుంది. జూన్‌లో దానికి పెరిగే పిల్లలుంటాయి. ఈసారి తెల్లారిపోయింది, అంతే.

రెండో రోజు పట్టపగలే వచ్చింది, వదిలిపోయినవాటికోసం. కిటికీలోంచి చూసినాను. మా చేలల్లో తిరిగే గుంటనక్క కంటే బాగా పెద్దది, ఎర్రగా, తోక కొన తెల్లగా. మా దానిది నల్లకొన. అదీ కాక మాది చెదలు, ఎలుకలు, రేగ్గాయలు తిని బతికే పేదది.

అవ్వ దాన్ని ఒక్క మాట తిట్టలేదు. తన చిన్నతనంలో నక్క కనపడితే కోళ్లకోసం కాదు, అది కరిస్తే పిచ్చి, అదే రేబీస్, పడుతుందని భయమంట. 1978లో స్విట్జర్లాండ్‌లో మొదటిసారి కోడి తలకాయల్లో రేబీస్ టీకా పెట్టి నక్కలు తిరిగే చోట్ల వేసినారు. తర్వాత్తర్వాత తయారుచేసిన ఎరలు విమానాల్లోంచి కూడా చల్లినారు. జర్మనీలో 2008 నాటికి నక్కల రేబీస్ లేదని ప్రకటించినారు. కోడి తల తిని బతికిన జాతి, ఇంకేం చేస్తుంది అని అవ్వ నవ్వింది. నాకైతే నవ్వు రాలేదు.

అమ్మకు చెప్తే "తలుపు మూయని దానిది తప్పు, నక్కదేముంది" అనింది. అవ్వ కూడా సరిగ్గా ఇదే అనిందని చెప్తే గమ్మునుండిపోయింది.

అవ్వ కొడుకు వచ్చి బ్యాటరీతో నడిచే కరెంటు వల కట్టిపోయినాడు. మా పక్క పందులకోసం స్తంభం నుంచి నేరుగా తీగ లాగి మనుషుల ప్రాణాలు తీస్తారే, అట్లాంటిది కాదు. ఒక్క జిల్లుమనే దెబ్బ, అంతే. వెలుతురు తగ్గితే దానంతటదే దిగే తలుపు కూడా పెట్టినాడు. కొత్తగా మూడు పెట్టలు తెచ్చినారు.

మొదటి రోజు చూద్దామని నేను కూడా కిటికీ దగ్గరే ఉన్నాను. పదిన్నరకు మోటారు గుర్రుమని తలుపు దిగింది. చెట్టెక్కి బతికిన పాతకోడి మాత్రం బయటే నిలబడి మూసిన తలుపును చూస్తా ఉంది. కాసేపటికి అవ్వ ఇంట్లో లైటు వెలిగింది. నైటీ మీద కోటు వేసుకుని టార్చి పట్టుకుని వచ్చింది.