కెనెడీ టేపులు వింటుంటే

1962 అక్టోబరు నాటి వైట్‌హౌస్ టేపులు ఈ మధ్య రాత్రిళ్లు వింటున్నాను. క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డ రోజులవి. అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన సమావేశాలను రహస్యంగా రికార్డు చేయించాడు. అంతా గరగర, సగం మాటలు చెవికందవు. అయినా ఆపబుద్ధి కాదు.

19వ తేదీన సైనికాధిపతులు వచ్చి కూర్చున్నారు. వైమానిక దళాధిపతి కర్టిస్ లెమే వెంటనే దాడి చేయాలంటాడు. మాటల్లో మాటగా, మీరు పెద్ద చిక్కులోనే పడ్డారని అధ్యక్షుడి మొహం మీదే అనేశాడు. ఏమన్నారని కెనెడీ మళ్లీ అడిగాడు. అతను అదే మాట అన్నాడు. నాతోపాటు మీరూ ఉన్నారుగా అందులో, అని కెనెడీ జవాబు. అరవై ఏళ్లు దాటిన సంగతి, ఏం జరిగిందో తెలిసిందే, అయినా నాకు టెన్షన్!

చివరికి కెనెడీ దాడికి బదులు క్యూబా చుట్టూ నౌకా దిగ్బంధానికే మొగ్గాడు. క్యూబాలోవి తీసేస్తే టర్కీలోని తమ జూపిటర్ క్షిపణులు తీసేస్తామని సోవియట్ నేత క్రుశ్చేవ్‌కు లోపాయికారీగా మాటిచ్చాడు కూడా.

అమెరికా రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది, అంటే అక్కడి పార్లమెంటుది. ఇక్కడ మాత్రం కాంగ్రెస్ నాయకులను పిలిచి చెప్పింది 22న, దిగ్బంధాన్ని ప్రకటించిన టీవీ ప్రసంగానికి కాస్త ముందు. ఒక్కడి చేతిలో ఇంత అధికారమా అని నాకు మొదట మండింది. తీరా వింటే, సెనేటర్లు రస్సెల్, ఫుల్‌బ్రైట్ దిగ్బంధం చాలదు, దండెత్తాల్సిందే అంటున్నారు!