మూన్ కాక్టస్: పోషణంతా కింది కాండానిదే

నర్సరీల్లో ఎరుపు, పసుపు, నారింజ రంగుల బంతిని నెత్తిన పెట్టుకుని కనిపించే మూన్ కాక్టస్ నిజానికి ఒక మొక్క కాదు, రెండు. పైనున్నది పరాగ్వే ప్రాంతపు జిమ్నోకాలీషియం అనే కాక్టస్. 1941లో జపాన్‌లో వటనాబె అనే పెంపకందారు వేసిన నారులో పత్రహరితం లేని ఎర్రటి మొలకలు కనిపించగా, వాటిని అంటుకట్టి బతికించడంతో ఈ రకం మొదలైంది. తన ఆహారం తాను తయారుచేసుకోలేని ఆ బంతిని పోషిస్తున్న మూడు పలకల పచ్చని కాండం, ఇప్పుడు మన రైతులు సిమెంటు స్తంభాలకు పాకిస్తున్న డ్రాగన్ ఫ్రూట్ మొక్కదే.

అది ఎడారి మొక్క కాదు, ఉష్ణమండలపు అడవుల్లో చెట్లకు పాకేది. కాక్టస్ కదా అని నెలల తరబడి నీళ్లు మానేస్తే కాండం ముడతలు పడి, బంతి కూడా వాడిపోతుంది. కుండీలో పైమట్టి పొడిబారాక నిండుగా పోసి, అడుగు నుంచి నీరంతా కారిపోనివ్వడం మేలు. వానాకాలంలో మాత్రం చేయి బిగించాలి. ఇసుక, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపిన వదులు మట్టి తప్పనిసరి. కాండం మొదలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడిందంటే కుళ్లు పట్టినట్లే.

వెలుతురు విషయంలో రెండింటి అవసరాలూ కలవవు: కాండానికి ఎండ కావాలి, బంతికి మధ్యాహ్నపు ఎండ తగిలితే మచ్చలు పడతాయి. అందుకే తూర్పు కిటికీ నాకు నచ్చిన చోటు. కాండానికి వచ్చే పక్కపిలకలను ఎప్పటికప్పుడు తుంచేయకపోతే బలమంతా అవే లాక్కుంటాయి. అతుకు దగ్గర దూదిలా తెల్లగా కనిపించేది పిండినల్లి; స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే చాలు.

ఎంత బాగా చూసినా ఈ జంట ఎక్కువకాలం ఉండదు, చాలావరకు కొన్నేళ్లే. కనుక బంతి పక్కన పుట్టే పిల్లలను వేరుచేసి, వేరూనిన డ్రాగన్ ఫ్రూట్ ముక్కపై కొత్తగా అంటుకట్టుకోవాలి. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో రెండింటినీ చదునుగా కోసి, కాండం అంచులను ఏటవాలుగా చెక్కాలి. లేదంటే కోత ఆరేటప్పుడు మధ్యభాగం కుంగి బంతి ఊడుతుంది. కోతల మధ్యలో కనిపించే నాళాల వలయాలు కనీసం ఒకచోటైనా కలవకపోతే అంటు పట్టదు. ఆపై కుండీ అడుగు నుంచి బంతి మీదుగా రబ్బరు బ్యాండ్లు వేసి, కోతపై నీరు పడకుండా నీడలో ఉంచాలి. సుమారు రెండు వారాలకు బ్యాండ్లు తీసి, వేలితో మెల్లగా తాకినా బంతి కదలకపోతే తూర్పు కిటికీకి మార్చుకోవచ్చు.