గ్లెడ్‌స్టేన్స్ ఇంటిపేరు వేట: ఏడు పక్కన ఉన్నది ఒకటా, నాలుగా?

శనివారం సాయంత్రం మూడోసారి స్కాట్లాండులోని ఒక గ్లెడ్‌స్టేన్స్ సమాధి రాయి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. గంటన్నరసేపు టార్చి తిప్పి తిప్పి 46 ఫొటోలు తీశాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి కాని, మొదటిసారి వెళ్లిననాడు తెలియని అంకె ఈసారీ తెలియలేదు. ఏప్రిల్ నుంచి ఈ పరిశోధన మొత్తం ఆ రాయి మీది వయసులో ఒక్క అంకె దగ్గర ఆగిపోయి ఉంది.

గ్లెడ్‌స్టేన్స్ అన్నది స్కాట్లాండు దక్షిణ సరిహద్దు సీమకు చెందిన పేరు. స్కాట్స్ భాషలో ‘గ్లెడ్’ అంటే గద్ద, ‘స్టేన్’ అంటే రాయి. మన కందుకూరి, వేమూరి వారిలాగే వీరికీ ఇంటిపేరు నేల నుంచే వచ్చింది. ఆ నేల లానార్క్‌షైర్‌లో బిగ్గర్ దగ్గర ఉంది. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డుకు విధేయత ప్రకటించినవారి పట్టికలో ఈ పేరుగల హెర్బర్ట్ కనిపిస్తాడు. తరువాత ఒక శాఖ తూర్పుకు, హాయిక్ దగ్గరి కాక్‌లా కోటకు చేరింది. 1403లో ఇంగ్లండు సేనాని హెన్రీ పెర్సీ ముట్టడించిన కోట అదే. ఒకప్పటి బ్రిటన్ ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్‌ది కూడా ఈ పేరే, కాకపోతే ఆయన తండ్రి 1835లో రాజానుమతితో చివరి ‘స్’ను తొలగించుకున్నాడు. ‘గ్లాడ్’ అంటే సంతోషం కాబట్టి ఇది ‘సంతోషపు రాయి’ అని కొందరు చెప్పే కథను ఇకనైనా వదిలేయాలి.

నా వేట మా పక్కింటి పెద్దాయన కోసం మొదలైంది. ఆయనది పాత వర్ణక్రమంతోనే మిగిలిన గ్లెడ్‌స్టేన్స్ పేరు. ఆయన ముత్తాతల వరుసలో 1816లో చనిపోయిన మనిషి దగ్గరికి వచ్చేవరకు దారి సాఫీగా నడిచింది. ఈ నెల సాధించినది చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: అతని 1778 నాటి పెళ్లి నమోదు దొరికింది, భార్య పుట్టింటి పేరు తెలిసింది. ఊరి పేరు మాత్రం రాయను, అక్కడ ఈ కుటుంబం వారు ఇంకా ఉన్నారు.

ఇక అసలు చిక్కు. స్కాట్లాండులో ప్రభుత్వ జనన మరణాల నమోదు 1855లో మొదలైంది. అంతకు ముందు చనిపోయినవాడి తల్లిదండ్రులెవరో చెప్పే మరణపత్రం ఉండదు కాబట్టి, సమాధి మీది వయసును బట్టి పుట్టిన సంవత్సరం లెక్కగట్టి, చర్చి రిజిస్టర్లలో బాప్తిస్మం వెతుక్కోవాలి. రాయి మీద ‘11 ఏప్రిల్ 1816’ స్పష్టంగా ఉంది. వయసులో మొదటి అంకె ఏడు. రెండోది పెచ్చు ఊడిపోయింది. అది నాలుగైతే అతను 1741 ఏప్రిల్, 1742 ఏప్రిల్ మధ్య పుట్టాడు. ఒకటైతే 1744, 1745 ఏప్రిళ్ల మధ్య. చుట్టుపక్కల పారిష్‌లలో, అంటే చర్చి పరిధులలో, ఈ పేరుతో సరిగ్గా ఇద్దరు పిల్లలున్నారు: 1742 ఫిబ్రవరిలో బాప్తిస్మం పొందిన నేతగాడి కొడుకు, 1745 మార్చిలో పొందిన కౌలురైతు కొడుకు. ఆ కౌలురైతు వంశం కాక్‌లా వైపు పోతుంది, నేతగాడి వంశం జాడ వెనక్కి అతని దగ్గరే ఆగిపోతుంది.

రాయి మెత్తని ఇసుకరాయి, ఎత్తు 94 సెంటీమీటర్లు, వెడల్పు 61. పెచ్చు ఊడిన చోటు 13 మి.మీ. వెడల్పు, 22 మి.మీ. ఎత్తు ఉంది. అందులో అడుగున 5 మి.మీ. పొడవు నిలువు గీత మిగిలింది. ఏడు కుడి అంచు నుంచి ఆ గీతకు దూరం 9 మి.మీ. అదే రాయి మీద 1816లో ఎనిమిదికీ, దాని తరువాతి ఒకటికీ మధ్య ఎడం 6 మి.మీ. మాత్రమే. అంటే ఒకటికి ఆ ఎడం ఎక్కువ, నాలుగు నిలువు గీతకైతే సరిపోతుంది. ఈ లెక్క తేలినప్పుడు చిక్కు వీడిందనే అనుకున్నాను.

అయితే ఈ శిల్పి పాతకాలపు అంకెలు చెక్కాడు, అతని ఏడు తోక, అంకెలు నిలబడే గీటు కిందికి 3 మి.మీ. దిగుతుంది. ఆ పద్ధతిలో నాలుగు కూడా దిగాలి, ఒకటి దిగకూడదు. మిగిలిన గీత ఒక్క మిల్లీమీటరే దిగింది! చివర ఊడిందా, శిల్పి ఉలి జారిందా అన్నది టార్చిని రాతికి 5, 10, 20 డిగ్రీల వాలులో నాలుగు వైపుల నుంచి పట్టి చూసినా తేలలేదు. కింద భార్య మరణించిన 1824లో ఒక నాలుగు ఉంది, అది గీటుకు 3 మి.మీ. కిందికి దిగుతుంది, కాని ఎనిమిదేళ్ల తరువాత చెక్కినది కాబట్టి చేతివాటం వేరై ఉండవచ్చు. ఇంట్లో 120 ఫొటోలను మెష్‌రూమ్‌లో వేసి త్రిమితీయ నమూనా కట్టాను. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలా బాగుంది, కాని ఊడిపోయిన రాతిని ఏదీ తిరిగి తేలేదు. రాయి మీద సుద్ద రుద్దమని, నురగ పూయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి. మన శాసన పరిశోధకులు గట్టి రాళ్ల మీద తడి కాగితం అద్ది సిరాతో తీసే ప్రతి కూడా ఈ ఇసుకరాయి మీద చేస్తే ఉన్న పెచ్చులూ ఊడివస్తాయి.

పిల్లల పేర్లతో తేల్చుదామని చూశాను. స్కాట్లాండు ఆనవాయితీలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు పెడతారు. నేతగాడిదీ కౌలురైతుదీ ఒకే పేరు కావడంతో పెద్దకొడుకు పనికిరాలేదు. తల్లుల పేర్లు వేరు, కాబట్టి రెండో కూతురు దొరికితే చాలు. అయితే రిజిస్టర్‌లో 1780లో కూతురు, 1782లో కొడుకు, ఆ తరువాత 1795లో ఒక కొడుకు మాత్రమే ఉన్నారు. మధ్య పదమూడేళ్లు ఖాళీ. 1783 నుంచి 1794 వరకు ప్రతి బాప్తిస్మం నమోదు మీద మూడు పెన్నీల పన్ను ఉండేది, చాలామంది నమోదే మానేశారు. నా అనుమానం ఆ పన్ను మీదే. లేదా ఈ కుటుంబం 1733లో అధికారిక చర్చి నుంచి విడిపోయిన వర్గంలో చేరి, అక్కడే బాప్తిస్మాలు చేయించి ఉండవచ్చు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. ఫిబ్రవరి 1742ను ఇంగ్లండు పాత లెక్కలాగా 1743 అనుకుని మూడు వారాలు వృథా చేశాను. ఇంగ్లండుకు 1752లో వచ్చిన జనవరి ఒకటి ఉగాది స్కాట్లాండులో 1600లోనే వచ్చింది.

వెతుకులాటలో తెలిసిన మరో సంగతి: ‘గ్లెడ్‌స్ట్’ తరువాత, మిగతా అక్షరాలేవైనా సరే అని చెప్పే నక్షత్రం గుర్తు పెడితే చాలదు. ‘గ్లాడ్‌స్టేన్స్’, ‘గ్లైడ్‌స్టేన్స్’, చివరికి ‘జీ’ అక్షరాన్ని ‘సీ’గా చదివిన ‘క్లెడ్‌స్టేన్స్’ వరకు విడివిడిగా వెతకవలసి వచ్చింది. సూచిక పొరపాట్లు ఎన్నున్నా, అసలు పుట బొమ్మ చూపే స్కాట్లాండు ప్రభుత్వ రికార్డుల సైటు స్కాట్లాండ్స్‌పీపుల్ అంటేనే నాకు నమ్మకం. బొమ్మకు ఆరు క్రెడిట్లు, అంటే పౌండున్నర. చందాలు కట్టించుకునే పెద్ద సైట్లలో ఇతరులు కట్టిన వంశవృక్షాలను చూసి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు.

వంశాణు (డీఎన్ఏ) పరీక్ష చేయిద్దామని పెద్దాయన అంటున్నారు. ఆయన మనసు కాక్‌లా కోట మీద ఉంది, నా మనసూ కొంత అటే మొగ్గుతోంది, అందుకే కొలతలను రెండుసార్లు సరిచూసుకుంటున్నాను. పైగా ఆ కాలంలో కౌలుదారులూ అనుచరులూ దొర పేరు పెట్టుకునేవారు కనుక పేరు కలిసినంత మాత్రాన రక్తం కలవనక్కరలేదు.

వచ్చే నెల 1841 జనాభా లెక్కల్లో ఈ పేరుగల ఆడవారి జాబితా తీస్తాను. పదిహేను దాటినవారి వయసులను అక్కడ కిందికి ఐదు గుణకానికి తగ్గించారు కాబట్టి, 1783–1794 మధ్య పుట్టినవారి కోసం 45 నుంచి 55 వరకు చూడాలి. వారిలో ఎవరైనా 1855 తరువాత చనిపోతే మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, ఆ పేర్లు మన దంపతులవైతే రెండో కూతురు దొరికినట్టే. పెళ్లయినా ఇక్కడి నమోదుల్లో పుట్టింటి పేరు పోదు, అదొక్కటే మా అదృష్టం. అదీ కుదరకపోతే ఎడిన్‌బరోలోని జాతీయ భాండాగారంలో విడిపోయిన చర్చిల రికార్డుల కట్టలు విప్పాలి. శనివారాలకు బదులు ఇక మంగళవారం సెలవు పెట్టాల్సి ఉంటుంది.