పాప వీపు మీద ఐదు గడ్డలు

పాపకు ఏడాది దాటింది. వీపు మీద, నడుము దగ్గర ఐదు మచ్చలు మిగిలాయి. వెతికి చూస్తే తప్ప అవి కనబడవు. ఆ రోజుల గురించి రాసే స్థిమితం నాకు ఇప్పటికి చిక్కింది.

మేము జాంబియా రాజధాని లుసాకాలో ఉంటాము. 2024 కరవులో, జలవిద్యుత్తుకు ఆధారమైన కరీబా జలాశయం అడుగంటి, ఆ దేశంలో రోజులో చాలా గంటలు కరెంటు లేకుండా పోయింది. 2025 జనవరిలో, వానల మధ్య, ఏడు నెలల పాపతో విజయవాడలోని అత్తవారింటికి బయలుదేరుతూ, పాత నూలు చీరలు చింపి కుట్టిన లంగోటాలను ఉతికి వరండా నీడలో ఆరేశాము. మా ఇంట్లో పనికి వచ్చే పెద్దావిడ ఉతికిన ప్రతి గుడ్డనూ ఇస్త్రీ చేయనిదే బీరువాలో పెట్టదు. ఆ రోజు కరెంటు లేదు, ప్రయాణం తొందర ఉంది, "పసిపిల్ల గుడ్డలకు ఇస్త్రీ ఎందుకు?" అని నేనే ఆమెను వారించి, వాటిని అలాగే పెట్టెలో సర్దేశాను. ఆమె ఏదో చెప్పబోయింది, నేను వినలేదు.

విజయవాడ చేరిన మూడో రోజుకు పాప వీపు మీద దోమకాట్ల వంటి ఎర్రని పొక్కులు కనిపించాయి. ప్రయాణంలో వేడి చేసిందని అత్తగారు అన్నారు. ఆరో రోజుకు అవి సెగ్గడ్డల్లా ఉబ్బాయి. పిల్లల డాక్టరుగారు ఒకసారి చూసి యాంటీబయాటిక్ సిరప్, పైపూత మందు రాశారు. ప్రతి గడ్డకూ నడిమధ్య సన్నని రంధ్రం ఉందనీ, చీముకు బదులు పలుచని నీరు కారుతోందనీ నేను చెబితే, "తొలిచూలు తల్లులు అన్నిటికీ ఇలాగే భయపడతారమ్మా" అన్నారు. మేము ఏ దేశం నుంచి వచ్చామో ఆయన అడగలేదు. చెప్పాలని నాకు తోచలేదు నిజమే, కానీ అడగడం ఆయన పని.

ఎనిమిదో రోజు రాత్రి పాప పాలు తాగలేదు. కాసేపు నిద్రపోవడం, అంతలోనే ఎవరో గిల్లినట్టు ఉలిక్కిపడి వెనక్కి విరుచుకుని ఏడవడం, అర్ధరాత్రి దాటేదాకా ఇదే వరస. ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని సెల్‌ఫోను లైటు వేసి చూశాను. అన్నిటికన్నా పెద్ద గడ్డ రంధ్రంలో రెండు నల్లని చుక్కలు పైకి వచ్చాయి, లోపలికి పోయాయి, మళ్ళీ వచ్చాయి. నా బిడ్డ ఒంట్లో నా బిడ్డది కాని ప్రాణం ఒకటి కదులుతోందని అర్థమైన ఆ క్షణాన నా చేతులు చల్లబడిపోయాయి. నా కేకకు ఇల్లంతా లేచింది. మా వారి మేనత్తగారు గుమ్మంలోనే నిలబడి, "ఎవరి ఉసురు పోసుకున్నారో, పసిదానికి పురుగులు పట్టాయి" అన్నారు. పురుగులు పడి పోతావన్న తిట్టు మన ఊళ్ళలో చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాను కానీ, అది నా ఒడిలోని బిడ్డ మీద పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఆవిడ పెద్దరికం మీద నాకు గౌరవం ఉంది. ఆ మాటను మాత్రం క్షమించలేకపోతున్నాను.

అప్పుడు లుసాకాలో రాత్రి తొమ్మిదిన్నర. మా పెద్దావిడకు వీడియో కాల్ చేసి గడ్డలు చూపించాను. ఆమె ఒక్కటే మాట అంది: "పుట్సి." గడ్డలను నొక్కవద్దని, వాటి మీద వాజలీన్ మందంగా పూసి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని చెప్పింది.

మరునాడు వేరే ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడి నుంచి వస్తున్నారు?" ఆ ప్రశ్నకే నాకు కళ్ళు చెమర్చాయి. పుట్సి అన్నది టుంబు ఈగ అని ఆమె వివరించారు. కొన్ని దేశాలలో దానినే మామిడి ఈగ అంటారట. అది నీడలో ఆరే తడి గుడ్డల మీద, మూత్రం, చెమట వాసన ఉన్న ఇసుకలో గుడ్లు పెడుతుంది. ఒకటి నుంచి మూడు రోజులలో పొదిగిన పిల్లపురుగు ఒంటి వెచ్చదనం తగిలేదాకా గుడ్డలోనే రోజుల తరబడి కాచుకుని, గాయమేమీ లేని చర్మంలోకి నొప్పి తెలియకుండా దూరి, ఎనిమిది నుంచి పన్నెండు రోజులు అక్కడే పెరుగుతుంది. నేను చూసిన నల్లని చుక్కలు అది గాలి పీల్చే తోకవైపు రంధ్రాలు. వాజలీన్ వాటిని మూసేస్తే ఊపిరాడక పురుగు పైకి వస్తుంది. అలా వచ్చినప్పుడు రెండు వైపులా మెల్లగా అదిమి, ఐదింటినీ చితకకుండా బయటికి తీశారు. లోపల చితికితే వాపు, చీము పట్టే ప్రమాదం ఉంది. నాలుగు రోజులకు గడ్డలు మానాయి.

ఆఫ్రికాలో పసిపిల్లలతో ఉంటున్న మన తెలుగువారికి చేతులు జోడించి చెబుతున్నాను: గుడ్డలను నేల మీద, గడ్డి మీద ఆరవేయకండి, లంగోటాలు, దుప్పట్లు, లోదుస్తులు రెండు వైపులా, కుట్ల దగ్గర మరీ శ్రద్ధగా, వేడి ఇస్త్రీ చేయండి. నేను పెట్టెలో మోసుకొచ్చిన మిగిలిన లంగోటాలన్నిటికీ ఆ సాయంత్రమే ఇస్త్రీ చేశాను.

పాప కోలుకోవాలని అత్తగారు మొక్కుకున్నారు కనుక, ఇంద్రకీలాద్రికి వెళ్ళి అమ్మవారికి చీర సమర్పించాము. ఆ వేడుకకు మేనత్తగారు రాలేదు, నేను పిలవలేదు. లుసాకా తిరిగి వెళ్ళగానే పెద్దావిడకు అమ్మవారి ప్రసాదం, ఒక చీర ఇచ్చాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. పాపను ఎత్తుకుని, చొక్కా పైకెత్తి, మచ్చలు ఐదూ వేలితో తడిమి చూసింది. ఆ తరువాత, కరెంటు లేదు కనుక, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేయడానికి పెరట్లోకి వెళ్ళింది.