చెల్లి పెళ్ళి, చర్చి లెటరు: నా అనుభవం

మా చెల్లి పెళ్ళి అయిపోయింది. షామియానా వాళ్ళు ఇంకా గుంజలు పీకుతున్నారు, వంటవాళ్ళకి బాకీ ఉంది. ఈ వేడి మీదే రాసేస్తున్నాను. నాలుగు రోజులు పోతే నేను కూడా అందరిలాగే "అంతా దేవుని కృప" అనేసి ఊరుకుంటాను. రెండు వేరే సంఘాల మధ్య సంబంధం కుదుర్చుకున్నవాళ్ళు ఇది చదివి ముందే జాగ్రత్తపడితే మంచిది.

మాది పసిపిల్లలకి బాప్తిస్మమిచ్చి, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ (ఆ విశ్వాసాన్ని తామే సంఘం ముందు ఒప్పుకోవడం) చేసే సంఘం. పెళ్ళికొడుకు వాళ్ళది ముంచుడు బాప్తిస్మం, అంటే ఎదిగాకే నీళ్ళలో ముంచి ఇచ్చేది. ప్రధానం నాడు ఇద్దరు పాస్టర్లూ పక్కపక్కనే కూర్చుని బిర్యానీ తిన్నారు కాబట్టి ఇక ఇబ్బంది లేదనుకున్నారు మా ఇంట్లో.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను, అవి తేలిక. బాప్తిస్మం సర్టిఫికెట్, కన్ఫర్మేషన్ తేదీ, వయసుకి పదో తరగతి సర్టిఫికెట్ (అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి), ఆధార్, ఫోటోలు. మన ఇళ్ళల్లో బాప్తిస్మం రిజిస్టరులో బైబిలు పేరు, బడిలో ఇంకో పేరు ఉండడం మామూలే. రిజిస్టరులో పాత పేరు కొట్టేసి కొత్తది రాయమని అయ్యగార్ని (పాస్టరుని) ఒత్తిడి చేయకండి, అది ఆయన చేయకూడని పని. ఈ రెండు పేర్లూ ఒకరివేనని సంఘం లెటర్‌హెడ్ మీద రాయించుకుని, నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకుంటే సరిపోతుంది. పెళ్ళి రిజిస్టరులో మాత్రం పదో తరగతిలో ఉన్న పేరే రాయించండి. రేపు పాస్‌పోర్టులో, వీసాలో అడిగేది ఆ పేరే.

అసలు ప్రాణం తీసింది సభ్యత్వ లేఖ. పెళ్ళి ప్రకటనలు మూడు ఆదివారాలు రెండు సంఘాల్లోనూ చదవాలి. అలా చదవాలంటే అమ్మాయి మా సభ్యురాలే, అవివాహిత, ఈ పెళ్ళికి మాకు అభ్యంతరం లేదు అని సొంత సంఘం రాసివ్వాలి. మేము హైదరాబాదు వచ్చి పన్నెండేళ్ళయింది. పేర్లు మాత్రం ఊళ్ళోనే ఉంచాడు నాన్న. తాతయ్య, నాయనమ్మ అక్కడి సమాధుల తోటలో ఉన్నారు, సభ్యత్వం తీసేస్తే రేపు తనకక్కడ జాగా ఇవ్వరని భయం. సిటీలో స్థిరపడిన సగం కుటుంబాలు పేర్లు బదిలీ చేయించుకోకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఇదే.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో కమిటీ కూర్చుంది. సెక్రటరీ పొడుగాటి చందాల పుస్తకం తీశాడు. ఎడమ వైపు ఇంటి పేర్లు, పైన నెలలు, కట్టినవాళ్ళకి ఎర్ర టిక్కు. మా వరస మొత్తం తెల్లగా ఉంది. దాన్ని తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలకి కూడా వినబడేలా చదివాడు. నెలకి 50 రూపాయల లెక్కన 7,200 బాకీ, కోతల పండుగ కానుక వేరే. నాన్నకి అరవై ఎనిమిదేళ్ళు, కూర్చోమన్నవాడు లేడు. ఒకాయన నవ్వుతూ, "సమాధుల తోటలో జాగా కోసమేగా సార్ పేరు ఉంచుకుంది, చచ్చాక తప్ప మేము గుర్తురాం" అన్నాడు. చర్చి పైకప్పుకని నాన్న పంపిన డబ్బు ఆ గదిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. దానికి రసీదు లేదు మరి.

తర్వాత చెల్లి వంతు. ప్రభు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచారం) ఆఖరిసారి ఎప్పుడు పాలు పొందావని అడిగారు. ఆడపిల్లని పదిమంది మగవాళ్ళ మధ్య అడిగే తీరా అది? మా చెల్లి మాత్రం తడబడలేదు. "హైదరాబాదులో నెలనెలా మొదటి ఆదివారం తీసుకుంటున్నానండి, అక్కడి అయ్యగారి నంబరు ఇస్తాను, స్పీకర్‌లో పెట్టి అడగండి" అంది. ఒక్కరూ ఫోను తీయలేదు. "వచ్చే మీటింగులో చూద్దాం" అని లేచిపోయారు. ఆ మీటింగు ఎప్పుడో వాళ్ళకే తెలియదు. దారి పొడుగునా నాన్న కారు అద్దంలోంచి బయటికి చూస్తూనే కూర్చున్నాడు, అమ్మ ఏమడిగినా పలకలేదు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మత్తయి 18వ అధ్యాయంలో వరస స్పష్టంగా ఉంది. సహోదరుడిలో తప్పు కనిపిస్తే ముందు ఒంటరిగా వెళ్ళి చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్ళాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలియజేయాలి. పన్నెండేళ్ళలో మొదటి మెట్టు ఎక్కి మా ఇంటికి ఒక ఫోన్ చేసినవాడు లేడు. నేరుగా మూడో మెట్టు మీద నిలబెట్టారు నాన్నని. రోజూ బైబిలు చదివేవాళ్ళకి చందాల పుస్తకం ఒక్కటే ఎలా కంఠస్థం అవుతుందో నాకు అర్థం కాదు.

మీకు ఈ గతి పట్టకూడదంటే హాలు మాట్లాడకముందు, కార్డులు కొట్టించకముందు లెటరు చేతిలో పెట్టుకోండి. ఆదివారం వెళ్ళకండి. మంగళవారమో బుధవారమో అయ్యగారి ఇంటికి వెళ్ళండి, వీలైతే పాస్టరమ్మ గారు ఉన్నప్పుడు. సగం పనులు ఆమె మాట మీదే కదులుతాయి. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. బాకీ ఎంతో అడిగి ట్రెజరర్‌కి కట్టి రసీదు పట్టుకోండి. డబ్బు కట్టేశాక వాళ్ళకి చదవడానికి ఏమీ మిగలదు. లేఖలో రెండు పేర్లూ, బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలూ, అవివాహిత అన్న మాటా, ప్రకటనకి అభ్యంతరం లేదన్న వాక్యమూ, పాస్టరు సెక్రటరీల సంతకాలూ, ముద్రా ఉండాలి. ఒక్కటి తగ్గినా అవతలి సంఘం తిప్పి పంపుతుంది. అమ్మాయిని కమిటీ ముందుకి పిలిస్తే తల్లి పక్కన ఉండాల్సిందేనని చెప్పండి. మాకు చివరికి తాతయ్యని ఎరిగిన ఒక పెద్దాయన ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాడు. ఆయన లేకపోతే ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం మీదపడేది. ఆ నలభై రోజులూ చాలా సంఘాల్లో పెళ్ళిళ్ళు చేయరు, ఈస్టరు తర్వాత హాళ్ళు దొరకవు.

లెటరు వచ్చిందనుకుంటే పెళ్ళికొడుకు పెదనాన్నగారు అడ్డం తిరిగారు. అమ్మాయి ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే పెళ్ళి అన్నారు. అయితే పెళ్ళే వద్దన్నాడు నాన్న. పెదనాన్నగారిని తప్పుపట్టను, వాళ్ళ పెద్దలది 1878 జులైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన చోటు. ఆ నీళ్ళని వాళ్ళింట్లో ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెప్పుకుంటారు. అలాగే 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చాడు కాబట్టి అటువైపు వేల కుటుంబాలు పసిపిల్లలకి బాప్తిస్మమిచ్చే లూథరన్లయ్యాయి. ఎవరి తాత ఏ మిషన్ కాంపౌండుకి దగ్గరగా ఉన్నాడన్నదే తేడా. మిషన్లు గీసుకున్న గట్ల మీద మనం ఇంకా తన్నుకుంటున్నాం.

ఇద్దరు పాస్టర్లనీ పెళ్ళికొడుకు ఇంట్లోనే కూర్చోబెట్టాం, కమిటీలు లేకుండా. తేలిందేమిటంటే, బాప్తిస్మం పద్ధతి సంఘ సభ్యత్వానికి సంబంధించినది, పెళ్ళికి కాదు. మతం సంగతిలో 1872 క్రైస్తవ వివాహ చట్టం అడిగేది ఇద్దరిలో ఒకరైనా క్రైస్తవులై ఉండాలని మాత్రమే. పెళ్ళి మా పాస్టరు చేస్తారు, వాక్యం వాళ్ళ పాస్టరు చెబుతారు. చెల్లి బాప్తిస్మం మాట ఏడాది వరకు ఏ ఇంట్లోనూ ఎత్తకూడదు, తర్వాత తన ఇష్టం. పెదనాన్నగారు గొణుక్కున్నారు గానీ ఒప్పుకున్నారు.

కౌన్సెలింగులో మా అయ్యగారు ఒక పని అప్పజెప్పారు. పెళ్ళిదాకా రెండిళ్ళవాళ్ళూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని కలిసి ప్రార్థించాలి. పావుగంటే, ఒక పాట, ఒక కీర్తన, ఇద్దరి ప్రార్థన. మొదట్లో ఇది ఘోరంగా నడిచింది. మనవాళ్ళకి కళ్ళు మూసుకుని వాత పెట్టడం బాగా వచ్చు. "ప్రభువా, మాట ఇచ్చి తప్పేవాళ్ళ హృదయం మార్చు" అని అటునుంచి, "గర్వం అణచు తండ్రీ" అని ఇటునుంచి. అయ్యగారికి చెబితే రెండే నియమాలు పెట్టారు. ప్రార్థనకి ముందు ఒకరు తమ ఇంటి అవసరం ఒకటి చెప్పాలి, అవతలివాళ్ళు దాని గురించే ప్రార్థించాలి. ఎదుటివాళ్ళ గుణాల జోలికి పోకూడదు. పెదనాన్నగారి మోకాలి ఆపరేషన్ కోసం నాన్న ప్రార్థించాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేసి, ఏ హాస్పిటల్ మంచిదని నాన్ననే అడిగారు. ఆ తర్వాత పెట్టుపోతల దగ్గరా, బట్టల దగ్గరా పేచీ రాలేదు.

కౌన్సెలింగుని మొక్కుబడిగా కానివ్వకండి. ఎఫెసీ 5లో భార్యలు లోబడాలనే 22వ వచనం దగ్గర మొదలుపెట్టి 24 దగ్గర ఆపే పాస్టరు దొరికితే ఒకరికొకరు లోబడమనే ముందున్న 21, భర్తలు భార్యల్ని ప్రేమించాలనే తర్వాతున్న 25 కూడా చదవమని మర్యాదగా అడగండి. జీతాలు ఎవరి ఖాతాలో పడతాయి, రెండు వైపులా అమ్మానాన్నలకి నెలకి ఎంత, ఆదివారం ఏ చర్చి, క్రిస్మస్ ఏ ఇంట్లో, ఇవి పాస్టరు ముందే కాగితం మీద పెట్టించండి.

పెళ్ళిరోజు సంగతులు మూడు. చట్టం ప్రకారం పెళ్ళి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి, బిషప్పు ప్రత్యేక లైసెన్సు ఉంటే తప్ప. లైట్లూ డ్రోనూ అని రాత్రి పెట్టుకోవాలనుకుంటే రిసెప్షన్ పెట్టుకోండి. స్వతంత్ర సంఘం పాస్టరైతే పెళ్ళిళ్ళు చేయడానికి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు చూపించమనండి. మొహమాటపడితే తర్వాత ఆఫీసుల్లో ఏడ్చేది మీ పిల్లలే. సాక్షులు కనీసం ఇద్దరు, వాళ్ళ పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి. పూల అంచుల రంగు సర్టిఫికెట్ గోడకి బావుంటుంది గానీ మీకు కావలసింది వివాహ రిజిస్టరు నకలు. దానిలో అక్షరాలు అక్కడే నిలబడి సరిచూసుకోండి. మా చెల్లి ఇంటి పేరులో ఒక అక్షరం పోతే వేదిక మీదే పట్టుకున్నాను, ఫోటోగ్రాఫరు విసుక్కున్నాడు.

ఆ రోజే సభ్యత్వ బదిలీ లేఖ కూడా అడిగి తీసుకోండి. అందరూ కొత్త బట్టల్లో, మంచి మూడ్‌లో ఉంటారు, ముద్ర అక్కడే ఉంటుంది. నాన్న మాత్రం తన పేరు ఊళ్ళోనే ఉంచాడు. చందా ఇప్పుడు నెలనెలా ఫోన్‌పేలో కొడుతున్నాడు, ప్రతిసారీ స్క్రీన్‌షాట్ నాకు పంపి దాచమంటున్నాడు.