చదరం చిన్నది, గీత సన్ననిది

ట్యాబ్ మీద గీతలు గీస్తే మనసు కుదుటపడుతుందని ఎవరన్నా చెప్తే, ముందు ఆ ట్యాబ్‌లో నోటిఫికేషన్లు ఎలా ఆపాలో అడగండి. ఐప్యాడ్‌లో నేను మొట్టమొదట చేసిన పని అదే. బొమ్మల కోసమే ఒక ఫోకస్ మోడ్ పెట్టుకుని, ఆఫీసు చాట్, మెయిల్, అపార్ట్‌మెంట్ గ్రూపు, అన్నిటి నోరూ మూయించాను.

మేముండేది చెన్నై శివారు తాంబరంలో. నా ఉద్యోగం ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డులో, క్లయింట్లు అమెరికాలో. రాత్రి కాల్ పెట్టేశాక కూడా బుర్రలో మీటింగ్ నడుస్తూనే ఉంటుంది. టీవీ పెడితే అది చూస్తూ ఫోన్ కూడా చూస్తాను. "జెన్‌టాంగిల్ అని ఒకటుంది, చేసి చూడక్కా" అంది పక్క సీటు అమ్మాయి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆవిడ అక్షరాలు తీర్చిదిద్దే కళాకారిణి, ఆయన కొంతకాలం సన్యాసిగా ఉన్నవాడు. మూడున్నర అంగుళాల చదరపు కాగితం, ఒక సన్న నల్ల పెన్ను, ఒక పెన్సిల్, అంతే సరంజామా. రబ్బరు ఉండదు. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టి, వాటిని కలిపి, లోపల పెన్సిల్‌తో తోచినట్టు ఒక వంకర గీత గీయాలి. దాన్ని స్ట్రింగ్ అంటారు. దానివల్ల ఏర్పడ్డ గదుల్లో ఒక్కో డిజైన్ నింపుకుంటూ పోవాలి. చివరికి ఏ బొమ్మ వస్తుందో ముందే అనుకోకూడదు.

కాగితం మీదైతే ఇక్కడికి సరిపోయేది. ట్యాబ్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఆ పద్ధతి ఏవేవి వద్దంటుందో అవన్నీ ఇది పళ్లెంలో పెట్టి ఇస్తుంది. ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్‌లో రెండు వేళ్లతో తడితే గీసిన గీత మాయం. చిటికెలో జూమ్. వంకరగా గీసిన సున్నా చివర పెన్ను ఒక్క క్షణం ఆపితే కంపాస్ పెట్టినట్టు గుండ్రంగా మారిపోతుంది. మొదటి వారం నేను గీసిందానికన్నా చెరిపిందే ఎక్కువ. చెరిపే వీలుంటే ప్రతి గీతకీ మార్కులు వేస్తాం, ఆఫీసులో పగలంతా చేసే పని కూడా అదే కదా.

అందుకని యాప్‌ని కాగితం స్థాయికి దించాను. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, మూడున్నర అంగుళాలంటే 1050 పిక్సెళ్లు. కాన్వాస్ అంతే పెట్టుకున్నాను, 1050 బై 1050. జెన్‌టాంగిల్ వాళ్లు వాడే మైక్రాన్ బ్రాండ్ 01 పెన్ను గీత మందం పావు మిల్లీమీటరు, అంటే దాదాపు 3 పిక్సెళ్లు. ఒకే మందంతో గీసే మోనోలైన్ బ్రష్‌ని ఆ సైజుకు తెచ్చి వదిలేశాను. పెన్ను ఆపితే ఆకారం సరిదిద్దే క్విక్‌షేప్‌ని సెట్టింగ్స్‌లో ఆపేశాను. చేతి వణుకుని సాఫీ చేసే స్ట్రీమ్‌లైన్ కొద్దిగా ఉంచాను, మరీ పెంచితే గీత పెన్ను వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, చిరాకు. నాలుగు వేళ్లతో తడితే మెనూలన్నీ దాక్కుంటాయి. రెండు వేళ్ల అలవాటు మాత్రం ఒక పట్టాన పోలేదు. ఎడమ చేత్తో ట్యాబ్ అంచు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాకే తగ్గింది.

స్ట్రింగ్‌కి కింద ఒక లేయర్, డిజైన్లకి పైన ఒకటి. అయిపోయాక కింది లేయర్ దాచేస్తే పెన్సిల్ గీత కనపడదు. కాన్వాస్‌కి తెలుపు బదులు గోధుమరంగు పెట్టాను, రాత్రిపూట తెల్ల తెర కళ్లలో పొడుస్తుంది.

నాకు బాగా కుదిరింది హాలీబా అనే డిజైన్. గది ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండు సమాంతర గీతలు, అది ఒక పట్టీ. రెండో పట్టీ దాన్ని దాటకుండా దాని కిందనుంచి పోయినట్టు గీయాలి. గీత మొదటి పట్టీ దగ్గరికి రాగానే పెన్ను ఎత్తి, అవతలి పక్క అదే వరసలో మళ్లీ ఆనించాలి. మూడోది ఆ రెండిటి కిందా. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి అన్న ధ్యాసలో ఇంకో ఆలోచనకి చోటుండదు. మిగిలిన సందుల్లో నలుపు నింపుతాం. రంగుని లాగి వదిలితే సందు దానంతటదే నిండుతుంది కానీ, అంచులో వెంట్రుకంత ఖాళీ ఉన్నా చెరువుకి గండి పడ్డట్టు నలుపు కాన్వాసంతా పారుతుంది. నేను పెన్నుతోనే నింపుతాను. నెమ్మది, నాకు కావలసిందీ అదే.

మా అత్తయ్యది నెల్లూరు. ధనుర్మాసం నెలంతా ఫ్లాట్ గుమ్మం ముందు ముగ్గు పడాల్సిందే. ఒకరోజు నేను, గీసిన గీతనే చుట్టూ మళ్లీ మళ్లీ వేసే రేడియల్ సిమెట్రీ పెట్టి చూస్తుంటే పక్కకొచ్చి కూర్చుంది.

"ఏందమ్మా ఇది, నువ్వు ఒక గీత గీస్తే అది ఎనిమిది గీస్తా ఉంది? ఇంక నువ్వు చేసేదేముంది?"

పెన్ను ఆవిడకే ఇచ్చాను. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వరకు. గ్రిడ్ పెడతానంటే వద్దంది. చెయ్యి తెరకి ఆనించలేదు, పిండి పట్టుకున్నట్టే పైనుంచి, భుజం కదిలిస్తూ మెలిక తిప్పింది. గీత అక్కడక్కడా వణికింది, కానీ చుక్కల మధ్య ఎడం మాత్రం కొలిచి పెట్టినట్టుంది. చెరపడం ఎలాగో చూపించబోతే, "ఎందుకూ, రేపు పొద్దున ఎట్టాగూ తుడిచేదేగా" అంది. మా తాంబరంలోనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో కోలాల, అంటే తమిళ ముగ్గుల, నియమాలను కంప్యూటర్ సైన్సులోని వ్యాకరణాలుగా రాసి పేపర్ వేశారు. ఈ సంగతి చెప్తే అత్తయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు.

దీనివల్ల టెన్షన్ నిజంగా తగ్గుతుందా అంటే, అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీకి చెందిన గిరిజా కైమల్ బృందం 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాలు బొమ్మలు చేశాక, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. అంతకుముందు అనుభవం ఉందా లేదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. అయితే వాళ్లకిచ్చినవి మార్కర్లు, మట్టి, కోలాజ్ కాగితాలు. ట్యాబ్ కాదు. కాబట్టి నా మటుకు నేను చెప్పగలిగేది ఇంతే: కాల్ అయ్యాక ఒక చదరం గీసిన రాత్రి ఫోన్ జోలికి పోను. కాల్ మరీ ఘోరంగా జరిగిన రోజు ఇదీ పని చెయ్యదు, అప్పుడు మేడ మీద నాలుగు చుట్లు తిరగడమే.

కొనాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఉత్త గాజు మీద పెన్ను జారిపోతుంది, మ్యాట్ ఫిల్మ్ వేయిస్తే కాగితంలా కాస్త పట్టు దొరుకుతుంది. నేను చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో వేయించాను. కాకపోతే ఆ గరుకు వల్ల పెన్ను మొన తొందరగా అరుగుతుంది, ఈ ముక్క ఏ షాపువాడూ చెప్పడు. అదనంగా ఒక మొన ముందే కొని పెట్టుకోండి.